కొండ ముద్ర

నాలుగున్నరకే బ్రెదా హారన్ కొట్టింది.
వెనక సీట్లో సుల్తాన్, అద్దం నిండా వాడి ఊపిరి.
వాళ్ళింట్లో వీడు మూడో సుల్తాన్.
మొదటివాడు గొర్రెలు కాశాడు, రెండోవాడు కోళ్ళు దొంగిలించాడు,
వీడికి ఏ వృత్తీ లేదు,
బ్రెదా ఎటు చూస్తే అటు చూడటం తప్ప.

మేం బీచ్ చెట్ల కింద దారి పట్టేసరికి
బోహిన్ సరస్సు ఇంకా ముసుగుతన్ని పడుకునే ఉంది.
రాళ్ళ మీద ఎర్ర సున్నా, మధ్యలో తెల్ల చుక్క,
ఎవరో ఎప్పుడో పెట్టి వెళ్తే
ఏటా ఇంకెవరో వచ్చి దిద్దే బొట్లు.
బ్రెదా ముందు, నేను వెనక,
సుల్తాన్ ముందుకీ వెనక్కీ.
అడవి దాటకముందే
మాకంటే మూడింతల కొండ ఎక్కేశాడు.

మాటలు మొదటి గంటలోనే అయిపోయాయి:
ఆమె మోకాలు, మా అల్లుడి కొత్త ఉద్యోగం,
ఈ ఏడు పుట్టగొడుగులు మొహం చాటేయడం.
ముప్పై ఏళ్ళు ఒకే తపాలా ఆఫీసులో
పక్కపక్క కిటికీల్లో కూర్చున్నవాళ్ళం,
మా మధ్య మౌనానికి స్టాంపు అక్కర్లేదు.

పాల గుడిసె దగ్గర ముసలి యెర్నేయ్
గిన్నెల్లో పుల్లటి పెరుగు పోస్తూ అన్నాడు:
"పైన ఇనప మేకులున్నాయమ్మా.
కుక్కకి చేతులుండవు కదా."
విన్నాం. పెరుగు తాగాం. నడిచాం.

ఆపైన అంతా సున్నపురాయి,
కురిసిన వానని కురిసినట్టే మింగి
కింద ఎవరి లోయలోనో కక్కే రాయి.
చుక్క నీళ్ళు లేవు.
నా టోపీని దొన్నెలా పట్టి
సీసాలో సగం సుల్తాన్‌కే పోశాం.
తాగినంత తాగి, తల విదిలించి
మిగిలింది మా మొహాన కొట్టాడు.

ఒక గుంటలో, జులైలో కూడా కరగని మంచు,
పాత కంబళిలా మాసి, సూదాకులు అంటుకుని.
వాడు దాని మీద వెల్లకిలా పడి
నాలుగు కాళ్ళూ ఆకాశానికి అప్పగించేశాడు.
బ్రెదా నవ్వింది.
ఆమె నవ్వి చాలాకాలమైందని నాకప్పుడే తట్టింది.
అడగలేదు.

శిఖరం ఇంకో నలభై నిమిషాలుందనగా
దారి నిట్టనిలువుగా లేచింది.
బండకి మేకులు, మేకులకి ఉక్కుతాడు.
సుల్తాన్ ముందుకాళ్ళు మొదటి మేకు మీద పెట్టి
మావైపు తిరిగి చూశాడు,
మేమేదో మర్చిపోయినట్టు.

"నువ్వెళ్ళు," అంది బ్రెదా.
"వద్దు, ముగ్గురం దిగిపోదాం."
"వెళ్ళమంటున్నానా! నేను వింకోతో చూశాను. ఒకసారి చాలు."
రెండేళ్ళలో ఆ పేరు ఆమె నోట వినడం అదే.
నేను మేకు పట్టుకున్నాను.

పైన గాలి తప్ప ఎవరూ లేరు.
రేకు డబ్బాలో ఒక నోటుపుస్తకం,
చివరి పేజీ దాకా నిండిపోయి.
పక్కనే రబ్బరు ముద్ర, నీలం సిరా.
మా ఊరి ఉత్తరాలన్నిటికీ ముద్ర గుద్దిన చెయ్యి
తనే ఒక ఉత్తరమై ముందుకొచ్చింది.
మణికట్టు మీద గట్టిగా నొక్కాను.

కిందికి చూస్తే
బండ నీడలో ఒక ఎర్రచొక్కా, పక్కనే నల్లచుక్క.
కేక వేశాను, గాలి లాక్కుపోయింది.
కాసేపటికి అటునుంచి
ఒకే ఒక్క మొరుగు, ఆలస్యంగా, నాకే వచ్చింది.

పడమట మబ్బు ముదురుతుంటే దిగాను.
పిక్కలు వణుకుతున్నాయి.
"ఏం కనిపించింది?" అంది బ్రెదా.
"మీరిద్దరూ."
"అందుకా అంత దూరం ఎక్కావు," అని
నా చెయ్యి లాగి చూసేలోపే
చెమట ఉప్పు వాసనకి సుల్తాన్ ఎగబడి
కొండ పేరు సగం, ఎత్తు మొత్తం
నాకేశాడు.

ఉరుము తరుముతుంటే గుడిసె దాకా పరుగులాంటి నడక.
యెర్నేయ్ "చెప్పానా" అనలేదు.
బల్ల మీద రెండు గిన్నెలు,
గడప పక్కన నేల మీద ఒకటి పెట్టాడు.
వాన రేకుల మీద ఏం చెబుతోందో ఎవరం వినలేదు.

సుల్తాన్ నాలుక
రాత్రి దాకా నీలంగానే ఉంది.